వేడి దిగేదాకా

సుంధారాలో బయల్దేరే తెల్ల టెంపోల్లో
ఏడో నంబరు నాది కాదు.
సాహుజీ తులాధర్‌ది.
దాని రాత్రుళ్ళు మాత్రమే నావి.

పగలు ఇద్దరాడవాళ్ళు పంచుకుంటారు దాన్ని.
మధ్యాహ్నం దాకా సుంతలీ,
ఆపైన మనకుమారి.
ఒకటే సీటు, ఒకటే హ్యాండిలు,
వెనక మోకాళ్ళకి మోకాళ్ళు తగిలేలా పదకొండు మంది.

నిద్రపోయిన బిడ్డ నోట్లోంచి పాలసీసా తీసినట్టు
యాక్సిలరేటర్ వదులుతుంది సుంతలీ.
దిగుడులో మోటారు వెనక్కి తోడిచ్చే
ఆ కాస్త కరెంటునీ చిల్లరలా లెక్కపెట్టుకుంటుంది.
మీటర్ ముప్ఫై చూపిస్తే చాలు,
ఎవరెంత గొణిగినా
నా షెడ్డుకి తిప్పేస్తుంది.

మనకుమారి అలా కాదు.
ఎర్రదీపం వెలిగాకే ఆమెకి ఇంకో ట్రిప్పు గుర్తొస్తుంది.
"అది మీటర్ మాట దాయీ, బండి మాట కాదు"
అంటుంది నవ్వుతూ.
కూతురి నర్సింగ్ కాలేజీ ఫీజు
ఆ ఆఖరి ట్రిప్పులోనే ఉంది మరి.
ఎగుడులో బండి రొప్పితే
ఇద్దరు కుర్రాళ్ళని దిగి తొయ్యమంటుంది.
తోస్తారు.
వాళ్ళకీ టికెట్టు పూర్తిదే.

మూడో ఏడు నిండకుండానే
బ్యాటరీ మీద వయసు పడింది.
నాలుగు రౌండ్లు తిరిగేది
రెండున్నరకే చతికిలబడింది.
వెనకటి సీసం బ్యాటరీలయితే
మూత తీసి, నీళ్ళు పోసి, బతిమాలేవాణ్ణి.
ఈ లిథియం పెట్టెకి మూతా లేదు, నోరూ లేదు.

అప్పు చేసి తెచ్చిన పెట్టె.
సాహుజీ కళ్ళజోడు నుదుటికెత్తి అడిగాడు:
"ఇద్దరిలో ఎవరు?"

నా దగ్గర నోటుపుస్తకం ఉంది.
సుంతలీ: ముప్ఫై రెండు. ముప్ఫై అయిదు.
మనకుమారి: ఆరు. నాలుగు. ఒకసారి సున్నా.
అంతవరకు చదివి ఆపితే సరిపోయేది.
అందరి చూపూ ఆమె మీదే.
ఆమె షాలు అంచుని వేలికి చుట్టుకుంటోంది,
విప్పుతోంది, మళ్ళీ చుడుతోంది.

పక్క వరస ఎవరూ చూడలేదు.
బండి రాక: ఎనిమిదీ పది.
ప్లగ్గు: ఎనిమిదీ పన్నెండు.

పెనంలా కాలుతున్న పెట్టెని
రెండు నిమిషాలకి మించి ఊపిరి తీసుకోనివ్వలేదు నేను.
తొందరగా పెడితే తొందరగా పడుకోవచ్చని.
అర్ధరాత్రికల్లా వంద.
అక్కణ్ణుంచి తెల్లారి అయిదు దాకా
ఆ వంద దగ్గరే, కదలకుండా,
నా గురక వింటూ.

నిండుకుండ తొణకదంటారు.
నిండిన బ్యాటరీ కూడా తొణకదు,
లోలోపలే కుములుతుంది.
దాదాపు వెయ్యి రాత్రులు.

"సాహుజీ, ఈ వరస కూడా చూడండి"
అన్న గొంతు నాదేనా అనిపించింది.

కోత ముగ్గురికీ పడింది.
ఎవరికెంతో చెప్పను.
ఏ తప్పూ చెయ్యని సుంతలీ మాత్రం
దసైన్ పండగ దాకా నాతో మాట్లాడలేదు.

ఇప్పుడు బండి రాగానే
షెడ్డు రేకు తలుపు బార్లా తీస్తాను.
బాగ్‌మతి మీంచి చలిగాలి వస్తుంది,
దాని వాసనతో సహా.
గంటసేపు ఏమీ చెయ్యను.
ఏమీ చెయ్యకపోవడం కూడా ఒక పనేనని
యాభై రెండేళ్ళకి నేర్చుకుంటున్నాను.
జ్వరం చూసినట్టు అరచెయ్యి ఆనించి,
చల్లబడ్డాకే ప్లగ్గు.
ఎనభై దగ్గర ఆపడానికి
అలారం పెట్టుకుని, దాన్ని తిట్టుకుంటూ లేస్తాను.
దూరం పోయే రోజైతే
మిగతాది తెల్లవారుజామునే.

పోయింది తిరిగి రాలేదు.
రెండున్నర రౌండ్లు, రెండున్నరే.
జారడం మాత్రం నెమ్మదించింది.

నిన్న మనకుమారి ఎర్రదీపానికి ముందే వచ్చేసింది.
పద్దెనిమిది, అని రాశాను.
ఫీజు సంగతి అడగలేదు.
చలికి ఆమె వేళ్ళు కొంకర్లు పోతున్నాయి.
సీటు ఎత్తి, పెట్టె మీద
ఆమె రెండు చేతులూ, నా రెండు చేతులూ.
చాలాసేపు ఎవరం మాట్లాడలేదు.
దాని వేడి
మా అరచేతుల్లోకి దిగుతోంది.